పొద్దును వీపున పెట్టుకుని

హైదరాబాద్ పాతనగరం చూడవచ్చినవాళ్ళు దాదాపు అందరూ చార్మినార్ దగ్గర మొదలుపెడతారు. తీరిక ఉంటే మర్నాడు గోల్కొండకు పోతారు. రెండు రోజులు, రెండు టిక్కెట్లు, ఒకదానికొకటి సంబంధం లేని రెండు ఊళ్ళన్నట్టు. నేనైతే ఆ వరస తిరగేయమంటాను. గోల్కొండలో మొదలుపెట్టండి. సాయంత్రం పూట, సైకిల్ మీద, అదీ బ్యాటరీ సైకిల్ మీద. ఫతే దర్వాజా నుంచి చార్మినార్‌కు 8 కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూగా. హైదరాబాద్ పుట్టింది ఆ దారి వెంబడే.

16వ శతాబ్దం మధ్యనాటికి గోల్కొండ కోటలో జనం కిక్కిరిసిపోయారు. ఇళ్ళూ తోటలూ కోటగోడ దాటి తూర్పుకు పాకాయి. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా మూసీ మీద రాతి వంతెన కట్టించాడు. అదే పురానాపూల్. ఆయన కొడుకు మహమ్మద్ కులీ 1591లో అవతలి ఒడ్డున చార్మినార్ నిలబెట్టి, దాని చుట్టూ కొత్త ఊరు పోశాడు. అంటే వంతెన ఊరికంటే 13 ఏళ్ళు పెద్దది. పుస్తకంలో చదివినప్పుడు ఇది ఒక తేదీ, అంతే. కోట దర్వాజాలోంచి బయల్దేరి, ఏటి వైపు వాలే దారిలో దిగి, వంతెన దాటి, ఊళ్ళో అడుగుపెట్టినప్పుడు మాత్రం ఆ వరస ఒంటికి పడుతుంది. ముందు కోట, తర్వాత దారి, ఆ తర్వాత వంతెన, ఆఖర్న నగరం.

బ్యాటరీ సైకిలే ఎందుకని అడిగేవాళ్ళున్నారు. నడిస్తే ఎనిమిది కిలోమీటర్లలో పొద్దు గుంకిపోతుంది. కారులో కూర్చుంటే చుట్టూ కార్లే కనిపిస్తాయి. మోటార్ సైకిల్ మీదైతే మన ఇంజన్ చప్పుడు తప్ప ఇంకేదీ చెవిన పడదు. మామూలు సైకిల్ మంచిదే, దాని మీద నాకు గౌరవం తగ్గలేదు. కానీ రోజంతా పని చేసి అలసిన ఒళ్ళుతో, పది అడుగులకోసారి ఆగుతూ మళ్ళీ ఊపు తెచ్చుకుంటూ తొక్కేటప్పుడు తల వంగిపోతుంది. కళ్ళు ముందు చక్రం మీదే ఉంటాయి. పాతబస్తీలో చూడవలసినదంతా దుకాణాల బోర్డులకు పైన ఉంటుంది. విరిగిన గచ్చు పూలు, చెక్క బాల్కనీలు, రెండు సిమెంటు మేడల మధ్య ఇరుక్కుపోయిన కమాను. మోటారు తోడుంటే తల పైకి లేస్తుంది. నేను ఈ బండిని ఎంచుకున్నది వేగం కోసం కాదు, తలెత్తి చూడడం కోసం.

మన దేశపు నిబంధనల ప్రకారం మోటారు 250 వాట్లకు లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోపు ఉన్న ఎలక్ట్రిక్ సైకిల్‌కు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, లైసెన్సూ అక్కర్లేదు. పాతబస్తీలో ఆ వేగంలో సగం కూడా ఎక్కువే. ఈ బండి నడపడంలో నేర్చుకోవలసిన పని ఒకటుంది. చాలా సైకిళ్ళలో పెడల్ తిరుగుతోందా లేదా అని మాత్రమే చూసే సెన్సర్ ఉంటుంది. మనం ఎంత బలంగా తొక్కుతున్నామో దానికి పట్టదు. తొక్కిన క్షణానికి కాస్త ఆలస్యంగా మోటారు అందుకుంటుంది, తొక్కడం ఆపాక కూడా ఓ క్షణం తోస్తూనే ఉంటుంది. ఖాళీ రోడ్డు మీద ఇది తెలియదు. ముందు ఒక ముసలాయన చేతికర్రతో నడుస్తున్నప్పుడు ఆ క్షణమే ముఖ్యం. అందుకని సందుల్లో మోటారు సాయం అన్నిటికంటే తక్కువలో పెట్టాలి, రెండు వేళ్ళు ఎప్పుడూ బ్రేకు మీద ఉండాలి. ఈ సైకిళ్ళలో చాలావాటికి బ్రేకు పిడి కాస్త నొక్కితే చాలు, మోటారుకు కరెంటు ఆగిపోతుంది. చక్రం ఆగకముందే తోపు ఆగుతుంది. చేతికి ఆ అలవాటు పడ్డాక ఎంత రద్దీలోనైనా మనిషి నడక వేగంతో, కాలు కింద పెట్టకుండా సాగిపోవచ్చు.

పడమర నుంచి తూర్పుకు పోవడంలో ఇంకో సుఖం ఉంది. పొద్దు మన వీపున ఉంటుంది. ఎదురుగా ఉన్న ప్రతి గోడా, ప్రతి మినారూ ఆ వెలుగును మొహం మీద పట్టి చూపిస్తాయి. కుతుబ్‌షాహీ కట్టడాల పైపూత డంగు సున్నపు గచ్చు. మిట్టమధ్యాహ్నం అది వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. ఏటవాలు ఎండ పడితే గచ్చులో చెక్కిన ప్రతి రేకుకూ నీడ వస్తుంది, పువ్వు గోడలోంచి ముందుకు వస్తుంది. అయితే మనకు సుఖమైన ఈ వెలుగే ఎదుటివాళ్ళకు శత్రువు. మన మీదికి వచ్చే ఆటో డ్రైవర్ కళ్ళల్లో పొద్దు సూటిగా కొడుతుంది, మనం అతనికి ఓ నల్లటి మచ్చ. అందుకే చీకటి పడకముందే ముందు దీపం వెలిగించాలి. బండికి చప్పుడు లేదు కాబట్టి గంట ముందుగానే కొట్టాలి, మనిషి వీపు దాకా వచ్చాక కాదు. డిసెంబర్ మొదట్లో ఇక్కడ సాయంత్రం 5.40కే పొద్దు గుంకుతుంది, జూలై మొదట్లో దాదాపు 6.55 అవుతుంది. ఎప్పుడైనా గుంకడానికి గంటంబావు ముందు బయల్దేరితే దారి పొడుగునా వెలుగు తోడుంటుంది.

ఫతే దర్వాజా గోల్కొండ వెలుపలి గోడకు తూర్పు వైపున ఉన్న పెద్ద వాకిలి. ఏనుగులు కుమ్మకుండా తలుపులకు ఇనుప మేకులు దిగగొట్టారు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత ఔరంగజేబు చేతికి కోట చిక్కింది. ఈ కోటలోని విచిత్రం అందరికీ తెలిసిందే. బాలాహిస్సార్ వాకిలి కింద చప్పట్లు కొడితే కొండకొమ్మున వినిపిస్తుంది. చెవి కోసం కట్టిన కోట అది. అక్కణ్ణుంచి చప్పుడు చేయని బండి మీద బయల్దేరడం నాకు ఎంతో సబబుగా తోస్తుంది. లంగర్‌హౌజ్ దాటాక, కార్వాన్ వైపు తిరిగాక, దారి చెవులతో కూడా చూడవలసిందే. ఇత్తడి గిన్నెలకు మాట్లు వేసే దెబ్బ, మిర్చి బజ్జీల మూకుడు సలసల, ఒక ఇంట్లో తెలుగు సీరియల్, పక్కింట్లో ఉర్దూలో పిల్లల పాఠం. పొద్దు గుంకగానే మసీదుల నుంచి మగ్రిబ్ అజాన్, ఒకటి మొదలయ్యాక క్షణాల తేడాతో ఇంకొకటి. సందు చివర గుడిలో అదే వేళకు గంట. ఇంజన్ ఉన్న బండి మీద ఇవేవీ వినిపించవు.

కార్వాన్ ఒకప్పుడు వజ్రాల వర్తకుల పేట. ఇవాళ్టి పల్నాడు వైపు కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గనుల్లో దొరికిన రాళ్ళు గోల్కొండ అంగళ్ళకు చేరేవి. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ళ కింద ఉంది. కార్వాన్‌లో ఆనాటి వైభవానికి సాక్ష్యంగా మిగిలిన వాటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది టోలీ మసీదు. 1671లో అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులోని మూసాఖాన్ కట్టించాడు. మక్కా మసీదు పని చూసే మూసాఖాన్ ఖర్చయిన ప్రతి రూపాయికీ ఒక దమ్డీ తనకు మిగుల్చుకుని, ఆ డబ్బుతో దీన్ని కట్టాడని చెప్పుకుంటారు. అందుకే దమ్డీ మసీదు అని కూడా అంటారు. కథ నిజమో కాదో గాని, ముందు వరసలోని అయిదు కమానుల మీది గచ్చు పని చూస్తే, దమ్డీల మీద ఇంత పని జరిగిందా అనిపిస్తుంది. రోడ్డు మీదికి ఇది చప్పున కనిపించదు. కారులోవాళ్ళు దాటిపోతారు. సైకిల్‌ను ఎక్కడైనా గోడకు ఆనించవచ్చు, ఎవరికీ అడ్డం కాదు.

నేను ఎక్కువసేపు ఆగేది పురానాపూల్ మీద. పాత వంతెన మీదుగా బండ్లు పోనివ్వరు, అవి పక్కనున్న కొత్త వంతెన మీదుగా పోతాయి. దీని మీద కూరగాయలు అమ్ముతారు. దిగి, బండి నడిపించుకుంటూ పోతుంటే మెంతికూర కట్టలు సర్దుతున్న ఒకామె అడిగింది, "అన్నా, గీ బండి సప్పుడే చెయ్యదేంది?" బ్యాటరీ అక్కా అన్నాను. "చార్జింగ్‌కు ఎంతైతది?" అని అడిగింది. ఇంట్లో కరెంటు ఒక యూనిట్ కూడా ఖర్చు కాదని చెబితే, తన కొడుకుకు చెబుతానంది. మండీ నుంచి మూటలు తేవడానికి పనికొస్తుందా అని కూడా ఆలోచించింది. ఈ వంతెన మీద ఆమె కూర్చోవడం నాకు చాలా నచ్చుతుంది. వంతెన కట్టింది సరుకు కోసమే కదా.

కాదు, ప్రేమ కోసం అని చెప్పే కథ ఒకటుంది. యువరాజు మహమ్మద్ కులీ భాగమతిని చూడడానికి పొంగుతున్న మూసీలోకి గుర్రాన్ని దింపాడట, తండ్రి భయపడి వంతెన కట్టించాడట. కథ అందంగా ఉంది. కాని 1580లో గద్దెనెక్కేనాటికే మహమ్మద్ కులీకి పదిహేనేళ్ళు నిండీ నిండని వయసు. వంతెన పూర్తయ్యేనాటికి ఇంకా చిన్నవాడు. గోల్కొండను మచిలీపట్నం రేవుతో కలిపే దారికి మూసీ అడ్డం. ఆ అడ్డం తీయడానికి రాజు డబ్బు పెట్టాడు. ప్రేమకథ కంటే ఈ కారణమే నాకు పెద్దదిగా కనిపిస్తుంది. ఇబ్రహీం మన తెలుగు కవులకు మల్కిభరాముడు. అన్నతో పడక పారిపోయి విజయనగరంలో అళియ రామరాయల నీడన ఏడేళ్ళు గడిపాడు, అక్కడే తెలుగు ఒంటబట్టింది. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చింది ఈయనకే. తెలుగు కావ్యం అందుకున్న చేతులే ఈ వంతెన కట్టించాయన్న సంగతి అక్కడ ఒక బోర్డు మీద రాసి ఉంటే ఎంత బాగుండేది!

17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ ఈ వంతెనను పారిస్‌లోని పాంట్ నెఫ్‌తో పోల్చాడు. ఆ పారిస్ వంతెనకు పునాది పడింది కూడా 1578లోనే. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఊరిని ముంచెత్తినప్పుడు అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. దెబ్బలు తిన్నా నిలబడింది ఈ పాతదే. ఇవాళ దాని కింద పారేది ఎక్కువగా మురుగే, కంపు ముక్కు పగలగొడుతుంది. పిట్టగోడ దగ్గర నిలబడి పడమటికి చూస్తే పొద్దు ఏటి మీదుగానే దిగుతుంది. ఆ నీళ్ళకు ఆ రంగు దక్కుతున్నప్పుడు, ఈ ఏటిని ఇలా చేసినందుకు కోపం ఇంకా పెరుగుతుంది తప్ప తగ్గదు.

వంతెన దాటగానే పురానాపూల్ దర్వాజా. ఆసఫ్‌జాహీల కాలంలో పూర్తయిన ఊరి గోడకు ఉన్న దర్వాజాల్లో ఇప్పటికి మిగిలినవి ఇదీ, దబీర్‌పురా దర్వాజా మాత్రమే. అక్కణ్ణుంచి హుస్సేనీ ఆలం మీదుగా వెళ్ళి లాడ్‌బజార్‌లో దిగిపోతాను. ఇక తొక్కడం కుదరదు, కుదిరినా తొక్కకూడదు. లక్క గాజులకు చిన్న అద్దాలు పొదిగే చేతులు రోడ్డు వారనే పని చేస్తుంటాయి, బల్బులన్నీ వెలిగాక ఆ అద్దాల మెరుపు కళ్ళు చెదరగొడుతుంది. చార్మినార్ ఈ బజారు కొసన, తూర్పున ఉంటుంది. బజారులోంచి వచ్చేవాడికి దాని పడమటి మొహమే కనబడుతుంది, కాబట్టి ఆఖరి వెలుగు మనం చూసే వైపునే పడుతుంది. 1889లో పెట్టిన గడియారం దాకా ముందు నీడ ఎక్కుతుంది, మినార్ల కొసలు ఇంకాసేపు పసుపుగా ఉంటాయి. కోట నుంచి దారి పొడవునా వచ్చినవాడికి చార్మినార్ ఒంటరి కట్టడంలా అనిపించదు. ఆ ప్రయాణమంతా చేరుకున్న చోటులా అనిపిస్తుంది. చార్మినార్ చుట్టూ బండ్లు ఆపేసి రాళ్ళు పరిచారు, మంచిపని చేశారు.

అయితే దారి సంగతి? కోటకు రక్షణ ఉంది, చార్మినార్‌కు రక్షణ ఉంది. రెంటినీ కలిపిన దారికి ఏమీ లేదు. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు, పైన సోలార్ పలకల నీడతో సహా. బాగుంది. అందులో మూడోవంతు పొడవు చాలు ఈ దారికి. పైకప్పు అక్కర్లేదు. ఒక పక్కన గీత గీసి, మ్యాన్‌హోల్ మూతలు రోడ్డుకు సమంగా పెట్టి, దారి పొడవునా తెలుగు, ఉర్దూల్లో నాలుగు రాతి పలకలు నాటితే నాలుగున్నర శతాబ్దాల రోడ్డు తిరిగి దారిలా కనిపిస్తుంది. కూరగాయల అక్క కొడుకూ, స్కూలు పిల్లలూ, నాలాంటివాళ్ళూ దాని మీద పోవచ్చు.

తిరుగు ప్రయాణంలో దారి ఎగువకు సాగుతుంది, అందుకే చార్మినార్ చేరేసరికి బ్యాటరీలో సగానికి పైగా మిగిలి ఉండేలా చూసుకోవాలి. 36 వోల్టుల, 10 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి 360 వాట్ అవర్ల శక్తి. తొక్కుతూ పోతే కిలోమీటరుకు పది, పదిహేను వాట్ అవర్లు ఖర్చవుతాయి, కాబట్టి రానూపోనూ ఈ దారికి ఢోకా లేదు. నా కన్ను ఇప్పుడు దీని రెండో సగం మీద ఉంది. ఈ దారి చార్మినార్‌తో అయిపోలేదు, తూర్పుకు మచిలీపట్నం దాకా పోయింది. ఆ బాట మీద హయత్‌నగర్‌లో, మహమ్మద్ కులీ కూతురు హయత్ బక్షీ బేగం పేరున ఉన్న మసీదు చుట్టూ బాటసారులు దిగడానికి కమానుల గదులు ఇంకా ఉన్నాయి. పోయి రావడానికి ఒక చార్జింగ్ చాలదు. అక్కడ గంటసేపు ప్లగ్ ఇచ్చే టీ కొట్టు ఏదైనా మీకు తెలిస్తే నాకు రాయండి.