జొన్నరొట్టె ఎవరు కొట్టాలి?

ఈ వారం సూరత్‌లో అడాజన్ వైపు పని పడింది. తాపీ ఒడ్డున పోంక్ అంగళ్లు కనబడితే ఆగకుండా వెళ్లడం నా వల్ల కాదని ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. చలి పట్టిన రెండు మూడు నెలలే ఈ భాగ్యం. లేత జొన్న కంకుల్ని వేడి బూడిదలో కాల్చి, గుడ్డలో చుట్టి కర్రతో కొడితే ఆకుపచ్చ గింజలు రాలతాయి. నిమ్మరసం, మిరియాలు పట్టించిన సేవ్ కలిపి తింటూ పక్కన మజ్జిగ పెట్టుకుంటారు. మన చేలల్లో కాపలాకు వెళ్లినవాళ్లు గట్టు మీద మంటేసి కాల్చుకున్న ఊసబియ్యమే ఇది. మన దగ్గర అది చేను గట్టు దాటలేదు. సూరత్ మాత్రం దానికి సంత కట్టి, నగరమంతా ఎదురుచూసే రుతువుగా మార్చింది. ఆ గౌరవానికి నాకు ప్రతి ఏడూ కడుపు నిండుతుంది.

ఈసారి మాత్రం అక్కడే ఒళ్లు మండింది. పక్క దుకాణంలో ‘మిల్లెట్ రొట్టె మిక్స్’ అని పెద్ద అక్షరాల పొట్లం ఉంది. ముందువైపు జొన్న కంకి బొమ్మ. వెనక్కి తిప్పి చూశాను. మొదట గోధుమపిండి, తర్వాత బియ్యప్పిండి, ఆ తర్వాతే జొన్న. మన దేశంలో పొట్లం మీద దినుసుల్ని బరువులో ఎక్కువున్న దాని నుంచి తక్కువున్న దాని వరకు వరసగా రాయాలి. కాబట్టి మొదటి పేరు చదివితే చాలు, మీరు దేనికి డబ్బు కడుతున్నారో తెలిసిపోతుంది. ఆ పొట్లానికి పెట్టిన డబ్బుతో మా గిర్ని పక్క కొట్టులో ఇంటిల్లిపాదికీ సరిపడా జొన్నలు వస్తాయి.

ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ప్రతిపాదన పెట్టింది మన దేశమే. అప్పటి నుంచి జొన్న బిస్కెట్, జొన్న నూడుల్స్, జొన్న పిజ్జా. అంతకు చాలా ముందు నుంచే జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు పాత విత్తనాలను దాచి, పండించి, బండ్ల మీద ఊరూరా తిప్పుతూ పాత పంటల జాతర చేస్తున్నారు. వాళ్లు కాపాడిన గింజ పేరు చెప్పి ఇవాళ పొట్లాల్లో గోధుమపిండి అమ్ముతుంటే బాధ కలగదా?

అందుకే ఇంటికి వస్తూ ఈ వారం ఏం రాయాలో అనుకున్నాను. పొట్లాలు వద్దు, జొన్నలు కొనండి, పది రోజులకు సరిపడా మాత్రమే పట్టించండి, వేడినీళ్లతో కలిపి చేత్తో రొట్టె కొట్టండి అని. పిండి తాజాగా ఉండాలన్న మాట ఇక్కడ ఎన్నిసార్లు రాశానో పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది. జొన్నలో గోధుమకున్న జిగురు లేదు. మరిగే నీళ్లు పోస్తే పిండిలోని గంజి కొంత ఉడికి ఆ అంటుకునే గుణాన్ని ఇస్తుంది. పాతబడిన పిండి ఎంత మెదిపినా అంచుల్లో పగులుతుంది. పీట మీద పొడిపిండి చల్లి, ముద్దను అరచేత్తో తట్టుతూ తిప్పాలి. పెంక మీద వేశాక పైన తడిచేత్తో నీళ్లు రాయాలి. ఆ తడి ఆరీ ఆరకముందే తిరగేయాలి. ఇదంతా నాకు పుస్తకం నేర్పలేదు, అమ్మను చూసి నేర్చుకున్నాను.

అమ్మను తలుచుకుంటే లింబాయత్‌లోని ఆ ఒంటిగది కళ్ల ముందుకొస్తుంది. సిరిసిల్లలో మగ్గం నడిచినా ఇల్లు గడవక సూరత్ రైలెక్కిన ఎన్నో పద్మశాలి కుటుంబాల్లో మాదీ ఒకటి. నాన్నకు మరమగ్గాల కార్ఖానాలో పన్నెండు గంటల షిఫ్టు, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. ఊరి నుంచి పనికొచ్చిన మామయ్యలు ఇద్దరు మాతోనే ఉండేవారు. నేనూ చెల్లీ మున్సిపాలిటీ వారి తెలుగు బడికి వెళ్లేవాళ్లం. అమ్మ తెల్లవారకముందే లేచేది. కుళాయికి నీళ్లు వచ్చేలోగా రొట్టెలు అయిపోవాలి. కిరోసిన్ స్టవ్ మీద ఇనుప పెంక, కింద పీట, మధ్యలో అమ్మ. తట్టిన చప్పుడుకే మాకు మెలకువ వచ్చేది.

మొదటి రొట్టెలు డబ్బాల్లోకి పోయేవి, ఎల్లిపాయ కారంతో, ఉంటే పప్పుతో. తర్వాత రాత్రి షిఫ్టు దిగి వచ్చినవాళ్లు తినేవారు. ఆ తర్వాత మేము. జొన్నరొట్టె రుచంతా వేడి మీదే, చల్లారితే బిరుసెక్కుతుంది. అందరికీ వేడిది పెట్టాలంటే అమ్మ అందరూ తినేదాకా పెంక దగ్గర నుంచి లేవకూడదు. ఆఖరి రెండు రొట్టెలు తనవి. వాటిని చల్లారనిచ్చి, గిన్నెలు తోమి, అప్పుడు కూర్చునేది. తిన్న చేయి కడుక్కోగానే చీరల మూట విప్పేది. టిక్కీలు అతికించడం, వేలాడే దారాలు కత్తిరించడం. చీరకు ఇంత అని లెక్క. మణికట్టు నొప్పికి ఆముదం కాచి రాసుకునేది. ఆ నొప్పి మూట వల్ల వచ్చిందో పీట వల్ల వచ్చిందో ఎవరూ అడగలేదు.

మా ఇంట్లో జొన్న ఎప్పుడు తగ్గిందో నాకు బాగా గుర్తు. పొరుగున ఉన్న గుజరాతీ బెన్ దగ్గర అమ్మ గోధుమ రొట్లీ నేర్చుకుంది. గోధుమపిండి ముద్ద సాగుతుంది, వేలణ్ కర్రతో ఒత్తితే చాలు. అది నాకూ వచ్చింది, నాకంటే చిన్నదైన చెల్లికీ వచ్చింది. సెలవు రోజున మామయ్య కూడా వంకరటింకరగా ఒత్తేవాడు. పొద్దున పని ముగ్గురు నలుగురి చేతుల్లోకి వెళ్లింది. అమ్మ మాతోపాటు కూర్చుని వేడిది తినడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. రొట్లీకి నాలుగేళ్ల అభ్యాసం అక్కర్లేదు, పెద్ద అరచెయ్యి అక్కర్లేదు. ఆ తర్వాత మా ఇంట జొన్నరొట్టె సద్దుల బతుకమ్మకు మలీద ముద్దలు కట్టే పూట మాత్రమే కనిపించేది.

మా ఇంట్లో జొన్న గోధుమ వల్ల తగ్గితే, ఊళ్లో అమ్మమ్మ ఇంట్లో బియ్యం వల్ల తగ్గింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. అంతకుముందు వరి అన్నం పండుగ నాటి మాట, రోజూ జొన్న గట్కే. జొన్న దంచడం, విసరడం, గట్క కెలకడం, రొట్టె తట్టడం, ఇవన్నీ ఆడవాళ్ల భుజాల మీదే. బియ్యం కడిగి ఎసట్లో పోస్తే అన్నం దానంతట అదే ఉడుకుతుంది. జొన్నను మనం మోజుపడి పోగొట్టుకున్నామని ఇవాళ వేదికల మీద చెబుతున్నారు. బలాన్నీ పీచునీ పోగొట్టుకున్న మాట నిజం, చేలల్లో పంట పోయిన మాట అంతకంటే నిజం. అమ్మమ్మ మాత్రం ఆ తెల్లటి అన్నం పెట్టుకున్న పూట కాసేపు నడుం వాల్చింది. ఆ లెక్క కూడా ఎవరో ఒకరు రాయాలి.

‘సూరత్‌లో జమణ్, కాశీలో మరణ్’ అని ఇక్కడి సామెత. తింటే సూరత్‌లో తినాలి, పోతే కాశీలో పోవాలని. ఈ నగరం తిండి వైభవానికి నేను ప్రతి వారం దండం పెడతాను. కానీ ఆ సామెత తిన్నవాళ్ల మాటే చెప్పింది.

ఇవన్నీ తలపోస్తుండగానే ఆదివారం మా మేనల్లుడి ఇంటికి వెళ్లాను. వరాఛాలో వజ్రాలు సానపట్టే పని, దిండోలిలో కాపురం. వంటింట్లో వాడే ఉన్నాడు. వాడి భార్య ముందు గదిలో పిల్ల హోంవర్కు చూస్తోంది.

“ఏం చేస్తున్నవ్ రా?” అన్నాను.

“జొన్న లోచో, అత్తమ్మా. రొట్టె కొట్టుడు నాకు రాదు. ఇదైతే రుబ్బి ఆవిరికి పెడితే అయిపోతది.”

ఫోనులో చూసి నేర్చుకున్నాడట. రెండు పాళ్లు శనగపప్పు, ఒక పాలు జొన్నలు, గుప్పెడు మినప్పప్పు. జొన్నలు రాత్రంతా, పప్పులు ఐదారు గంటలు విడిగా నానబెట్టాడు. కాస్త బరకగా రుబ్బి పులియబెట్టాడు. ఉప్పు, అల్లం, పచ్చిమిర్చి వేసి, ఇడ్లీ పిండి కంటే పలుచగా జారేలా కలిపాడు. చిటికెడు సోడా, నూనె రాసిన పళ్లెం, ఆవిరి. చాకుతో కోసేంత గట్టిపడితే అది ఖమణ్. చెంచాతో తీసి పెట్టుకునేంత మెత్తగా ఉంటే లోచో. పైన వేరుశనగ నూనె, మసాలా పొడి, సేవ్, ఉల్లిపాయ. పిల్ల ప్లేటులో మాత్రం చీజ్ తురిమాడు. ఊరంతా అమ్మే చీజ్ లోచో మీద నేను ఇక్కడ ఎంత రాశానో వాడికి తెలుసు, నా వైపు చూశాడు. నేను తిన్నాను. బాగుంది. జొన్న వల్ల కాస్త రవ్వ పలుకు వచ్చింది, శనగపప్పు దాన్ని విడిపోకుండా పట్టి ఉంచింది. నలుగురం ఒకేసారి కూర్చుని వేడివేడిగా తిన్నాం. ఇంట్లో ఎవరూ పొయ్యి దగ్గర మిగిలిపోలేదు.

అందుకే, అనుకున్న మాట రాయడం లేదు. చిరుధాన్యాల గాలి మన ఇళ్లకు మంచిదే. దాని వల్ల జొన్నలు ప్రతి కొట్టులోకీ వచ్చాయి. ఫోను పట్టుకున్న ప్రతి కుర్రవాడికీ వండే ధైర్యం వచ్చింది. ఆ గాలి పేరు చెప్పి మళ్లీ ఒక్క మనిషిని పీట ముందు కూర్చోబెడితే మాత్రం నేను ఒప్పుకోను. కొత్త వంట ఏది కనిపించినా నేనిక ముందు చూసేది ఇదే: ఇది ఇంట్లో ఎంతమంది చేయగలరు?

ఆ లెక్కన మన వంటల్లోనే మార్గాలున్నాయి. సర్వప్ప సంగతే చూడండి. బియ్యప్పిండిలో సగానికి బదులు జొన్నపిండి తీసుకుని, నానిన శనగపప్పు, నువ్వులు, ఉల్లికాడలు, కారం కలిపి, నూనె రాసిన చల్లటి గిన్నెలోనే వేళ్లతో పలుచగా ఒత్తి, అక్కడక్కడ చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె చుక్కలు వేసి మూతపెట్టి కాలిస్తే చాలు. తట్టే నేర్పు అక్కర్లేదు, పదేళ్ల పిల్లలు ఒత్తగలరు, జిగురు లేని పిండికి ఇంతకంటే తగిన పద్ధతి లేదు. జొన్నరవ్వతో ఉప్పుడుపిండి కుక్కరులో అవుతుంది. పులిసిన ఆహారం మంచిదని ఇప్పుడు అందరూ అంటున్నారు కదా, రాత్రి పులియబెట్టిన జొన్న అంబలిలో మజ్జిగ, ఉల్లిపాయ వేసుకుంటే దానికోసం సీసాలు కొనే పనే లేదు. పోంక్ దొరికినన్నాళ్లు తెచ్చిన రోజే తినేయండి, తడి గింజ తొందరగా పాడవుతుంది. మిగిలితే ఆవాలు, పచ్చిమిర్చి పోపులో ఒక్క తిప్పు తిప్పి నిమ్మరసం పిండండి.

రొట్టె కొట్టే విద్య పోకూడదనే నా కోరిక కూడా. ఇష్టమున్నవాళ్లు సెలవు రోజున తీరిగ్గా కొట్టండి, మగపిల్లలకూ నేర్పండి. రోజువారీ తిండికి మాత్రం అందరికీ చేతనైన వంటే పెట్టుకోండి. జొన్న మన ఇళ్లకు తిరిగి రావాలి, ఇంట్లో అందరి చేతుల మీదుగా రావాలి. ఈ వారం మీ ఇంట్లో పొయ్యి దగ్గరికి రాని మనిషిని పిలిచి, ఆ గిన్నె, ఆ పిండి వాళ్లకు అప్పగించండి.