పెంకుపై పేరు

ఒమాన్‌లో ఒక విశ్వవిద్యాలయం హిందూ మహాసముద్ర చరిత్రపై ఏర్పాటు చేసిన బహిరంగ ఉపన్యాసాన్ని మేము శ్రద్ధగా విన్నాము. సలాలా చేరువలోని ఖోర్ రోరి ప్రాచీన రేవు, సాంబ్రాణి వర్తకం, అక్కడ దొరికిన తమిళ బ్రాహ్మీ లిపి గల కుండపెంకు, వీటి వివరణ ప్రశంసనీయం. ఆ పెంకుపై ఒక మనిషి పేరున్నదని విని సభ మురిసింది.

మాకు కోరంగి జ్ఞప్తికి వచ్చింది. 19వ శతాబ్దంలో ఆ రేవు నుండి మారిషస్ చెరకు తోటలకు తరలిన మా పెద్దలకు అక్కడి దస్తావేజులలో సంఖ్యలు కేటాయించారు. సముద్రం ఒక్కటే. వర్తకులను తలచి కూలీలను విడవడం ఉపన్యాసంలోని లోపం. ప్రశ్నల వేళ మౌనం వహించడం మా లోపం.

ఇకమీదట అట్టి సభలకు పిల్లలతో వెళ్దాము. ముత్తాత పేరు, ఊరు ముందే వారికి నేర్పుదాము. ప్రశ్న వారే అడగాలి.