దీపాల వేళకి ఇల్లు అప్పజెప్పాలి

కొత్త ఇంటికి వైరింగు చేయగలిగినవాళ్లు ప్రతి ఊళ్లోనూ దొరుకుతారు. అక్కడ మనుషులుండరు, సామానుండదు, అసలు కరెంటే ఉండదు. శ్లాబు పోసేటప్పుడే పైపులు వేసేస్తారు, ప్లాస్టరింగుకు ముందే గోడల్లో గాడులు కొట్టేస్తారు, చిన్నాచితకా తప్పుల్ని సిమెంటు కప్పేస్తుంది. మనుషులు కాపురముంటున్న పాత ఇంట్లో వైరింగంతా తీసి కొత్తది వేయడం వేరే విద్య. పొద్దున్న వంటలయ్యాక పని మొదలవ్వాలి, సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ప్రతి గదిలోనూ లైటు వెలగాలి, ఫ్యాను తిరగాలి. కాకినాడలో మా బంధువుల ఇంట్లో ఈ పని మొదలైంది మొదలు ముగిసేదాకా దగ్గరుండి చూశాను. ఆ మేస్త్రీ చేతి పనికన్నా, ఏది ముందు ఏది వెనక అన్న ఆయన లెక్క నన్ను ఎక్కువగా కట్టిపడేసింది.

అది పాత మండువా ఇల్లు. ముందు భాగానికి సున్నంతో కట్టిన లావుపాటి ఇటుక గోడలు, పైన దూలాల మీద మద్రాసు టెర్రస్సు. వెనక భాగం తర్వాతెప్పుడో శ్లాబు వేసి కట్టింది. ఇల్లు పెరిగినకొద్దీ వైరింగూ అతుకుల మీద అతుకులుగా పెరిగింది. ముందు గదుల్లో టేకు పట్టీల మీద రేకు క్లిప్పులతో బిగించిన రబ్బరు వైరు, దాని మీద నూలు అల్లిక. మండువా చుట్టూ అల్యూమినియం వైరు. వెనక శ్లాబు గదుల్లో మాత్రం గోడ లోపలి పైపుల్లో రాగి వైరు.

ఈ మూడింటి జబ్బులూ వేరు. రబ్బరు తొడుగు ఏళ్లు గడిచేకొద్దీ ఎండి పెళుసెక్కుతుంది. కదపనంతకాలం బాగానే పనిచేస్తుంది. స్విచ్చు మార్చడానికని కాస్త వంచితే చాలు, తొడుగు పొడిపొడిగా రాలి లోపలి రాగి బయటపడుతుంది. రాగి కరువై, బయటి దేశాల నుంచి తెప్పించుకోవడానికి విదేశీ మారకం లేని రోజుల్లో మన ఇళ్లలోకి అల్యూమినియం వచ్చింది. తీగగా దానికేమీ లోపం లేదు, ఇబ్బందంతా దాన్ని బిగించే చోట. స్క్రూ కింద మెత్తగా నలిగి జారుతుంది, గాలి తగిలి పైన పొర కడుతుంది, బిగింపు వదులై వేడెక్కుతుంది. పైపుల్లో ఉన్న రాగి గట్టిదే గానీ సన్నం. నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక రేడియో కోసం వేసిన తీగ మీద ఇప్పుడు ఫ్రిజ్జు, మిక్సీ, గీజరు, ఏసీ, నీళ్ల మోటారు వచ్చి కూర్చున్నాయి. రెండు వేల వాట్ల గీజరొక్కటే దాదాపు 9 యాంపులు లాగుతుంది. కరెంటు రెండింతలైతే తీగలో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. సముద్రపు ఊరు కనక ఉప్పు గాలి క్లిప్పుల్ని తుప్పు పట్టించింది, రాగి కొసల్ని పచ్చబార్చింది.

మొదటి రోజు మేస్త్రీ సుత్తి బయటికి తీయలేదు. కాగితం మీద ఇంటి నక్షా గీసుకుని, ఇంట్లో లైట్లన్నీ వేయించి, పాత చెక్క బోర్డు ముందు నిలబడ్డారు. దాని మీద పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులు వరసగా ఉన్నాయి. పాత పద్ధతిలో ఒక్కో లైనుకి ఫేజులో ఒకటి, న్యూట్రల్‌లో ఒకటి, రెండు ఫ్యూజులు పెట్టేవారు. అది ప్రమాదకరమైన ఏర్పాటు. న్యూట్రల్ ఫ్యూజు కాలిపోతే లైటు ఆరిపోతుంది, హోల్డర్లో ఫేజు మాత్రం అలాగే ఉంటుంది. కరెంటు లేదనుకుని చెయ్యి పెట్టినవాడి గతి ఏమిటో చెప్పనక్కర్లేదు. ఇప్పుడు న్యూట్రల్‌లో ఫ్యూజు పెట్టకపోవడానికి కారణమిదే.

ఆ లోపాన్నే ఆయన తన పనికి వాడుకున్నారు. ఫేజు ఫ్యూజు ఒక్కటే తీసి ఏ లైట్లు ఆరాయో రాసుకున్నారు. దాన్ని తిరిగి పెట్టి, అదే లైను న్యూట్రల్ ఫ్యూజు ఒక్కటే తీసి, మళ్లీ ఏవి ఆరాయో రాసుకున్నారు. రెండు జాబితాలూ కలిస్తే ఆ లైను శుభ్రంగా ఉన్నట్టు. ఒకచోట కలవలేదు. మండువాలో వేలాడే లైటు ఫేజు ముందుగది లైనులోది, న్యూట్రల్ వంటింటి లైనులోది. ఎప్పుడో ఎవరో దగ్గర్లో దొరికిన న్యూట్రల్‌కి కలిపేసి వెళ్లిపోయారు. పాత ఫ్యూజుల మీద అది ఎన్నేళ్లైనా వెలుగుతూనే ఉంటుంది. ఆ రెండు లైన్లలో ఒకటే కొత్త బోర్డుకి మారితే వెలగదు. ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చు తన గుండా ఫేజులో వెళ్లిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని క్షణక్షణం చూస్తుంటుంది. ఇళ్లలో వాడే దానికి 30 మిల్లీయాంపుల తేడా వస్తే చాలు, సెకనులో మూడో వంతు కూడా కాకముందే పడిపోతుంది. కరెంటు ఒక దారిన వెళ్లి ఇంకో దారిన తిరిగొస్తే, ఆ తేడా మనిషి ఒంట్లోంచి భూమిలోకి పోతున్నట్టే దానికి కనిపిస్తుంది. ముందుగదిని కొత్త బోర్డుకి మార్చిన రాత్రి, మండువా లైటు వేయగానే సగం ఇల్లు చీకటైపోయేది. ఆ రాత్రి రాకుండానే ఆయన మొదటి రోజు కాగితం మీద ఆ లైటు చుట్టూ ఎర్ర గీత గీశారు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది ఆ గీతే.

ఇక వరస. కరెంటు తీయకుండా చేయగలిగినవన్నీ ముందు, తీయక తప్పనివి చివర. చెప్పుకోవడానికి ఇంత చిన్న సూత్రం. మామూలు పనివాళ్లు దీన్ని తలకిందులు చేస్తారు. పొద్దున్నే మెయిను ఆపేసి, పాతదంతా పీకేసి, సాయంత్రం ఆరింటికి చేతిలో టార్చిలైటుతో నిలబడతారు. ఈ ఇంట్లో పాత వైరింగు తన ఆఖరి నిమిషం దాకా ఇంటిని నడిపింది.

ముందు ఎర్తు గుంత తవ్వారు. అసలు ఎర్తే లేని ఇల్లది, ప్లగ్గులన్నీ రెండు పిన్నులవే. పెరట్లో గోడకి అయిదడుగుల దూరంలో, స్నానాల గది నీళ్లు ఇంకే వైపు గొయ్యి తీసి, రెండున్నర మీటర్ల జీఐ పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుపొరలుగా నింపారు. నీళ్లు పోయడానికి పైన గరాటు, దాని మీద మూత. నేలలో తేమ ఎప్పుడూ ఉండే ఊరు కనక ఎర్తు బాగా అందుతుంది. అదే తేమా ఉప్పూ పైపును తినేస్తాయి కాబట్టి మందం పైపే కావాలని పట్టుబట్టారు. తర్వాత కొత్త డీబీ పెట్టె, అంటే లైన్లన్నీ బయలుదేరే కొత్త బోర్డు. పాత బోర్డు పక్కనే, దాన్ని ముట్టుకోకుండా బిగించారు. ఆ తర్వాతే గాడులు.

గోడ కట్టరుతో రెండు సమాంతర గీతలు కోసి మధ్య భాగాన్ని ఉలితో లేపడం చూడ్డానికి మోటుపనిలా ఉంటుంది. ఆయన దానికి పెట్టుకున్న నియమం చూడండి. గాడి నిట్టనిలువుగా గానీ నేలకి సమానంగా గానీ పోవాలి, ఏటవాలుగా పోకూడదు. మూలకు మూల గీస్తే పైపూ వైరూ కలిసొస్తాయి, శ్రమా తగ్గుతుంది. కానీ ఇరవై ఏళ్ల తర్వాత ఆ గోడకి ఫోటో తగిలించడానికి ఎవరో మేకు కొడతారు. స్విచ్చుబోర్డుకి సరిగ్గా పైన కొట్టకూడదని ఎవరికైనా తోస్తుంది, గోడ మధ్యలో ఏటవాలుగా తీగ పోతోందని ఎవరికి తోస్తుంది? అడ్డ గాడి గోడ బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి దాన్నీ వీలైనంత పొట్టిగానే ఉంచారు.

ముందు భాగంలోని సున్నపు గోడల్ని మాత్రం కొయ్యనన్నారు. గోడ లోపలే పెట్టమని ఇంటివాళ్లు గట్టిగా అడిగారు, ఇప్పుడు బయట కనిపించే వైరింగెవరికీ నచ్చదు. పాత సున్నం కట్టరు అదురుకి పెచ్చులుపెచ్చులుగా ఊడుతుంది, అరంగుళం గాడి కోసం అడుగు వెడల్పున గోడ రాలుతుంది. అక్కడ పాత టేకు పట్టీలు నడిచిన దారిలోనే కేసింగ్ క్యాపింగు, అంటే వైర్లని లోపల దాచే మూత పట్టీ, నడిపించారు. పైన దూలాలకి హాల్లోంచి చూసేవాళ్లకి కనిపించని పక్కన బిగించారు. పట్టీలు వేసిన ఆ పాత పనివాడు దారుల్ని ఎంతో ఆలోచించి ఎంచుకున్నాడని, వాటిని కాదని కొత్త దారి వెతకడం అనవసరమని ఆయన అభిప్రాయం. నాకూ అదే సరైనదనిపించింది. దూలాల ఇంట్లో గోడ మీద కనిపించే తిన్నని గీత అందంగానే ఉంటుంది.

దుమ్ము సంగతి కూడా పనితనంలో భాగమే. గాడి కోసే ముందు గోడ తడిపారు, గుమ్మానికి తడిదుప్పటి కట్టారు, బియ్యం డబ్బాలున్న అల్మరాకి కాగితం అంటించారు. బామ్మగారు మధ్యాహ్నం పడుకునే వేళలో కట్టరు పనులు పెట్టుకోలేదు, అప్పుడు వైర్ల కొసలు ఒలుచుకుంటూ కూర్చునేవారు. ఒలవడంలో కూడా ఒక జాగ్రత్త ఉంది. బ్లేడు రాగికి తగలకూడదు. ఒక్క పోగు తెగినా తీగ అక్కడ సన్నబడుతుంది, ఎప్పుడో అక్కడే వేడెక్కుతుంది.

వెనక శ్లాబు గదుల్లో గోడ కొట్టే అవసరమే రాలేదు, పైపులు లోపలున్నాయి. పాత వైరు కొసకి కొత్త వైర్లు కట్టి రెండో వైపు నుంచి లాగితే పాతది బయటికొస్తూ కొత్తదాన్ని లోపలికి తీసుకొస్తుంది. మధ్యలో తెగితే ఆ పైపు చచ్చినట్టే, శ్లాబు పగలగొట్టలేం. అందుకని ముందు పాత వైరుని అటూ ఇటూ అరంగుళం కదిపి చూసేవారు. స్వేచ్ఛగా కదిలితేనే దాన్ని నమ్మేవారు. కదలకపోతే స్టీలు స్ప్రింగు తోసి దారి చూసుకునేవారు. కొత్త వైర్ల కొసల్ని ఒకేచోట కట్టకుండా ఒకదాని వెనక ఒకటిగా మెట్లుమెట్లుగా కట్టి, పైన టేపు సన్నగా చుట్టి, పౌడరు రాసి లోపలికి వదిలేవారు. వంపు దగ్గర ముడి పట్టకుండా ఉండడానికే ఇదంతా. ఇవతల కుర్రాడు వైరు అందిస్తుంటే అవతల ఆయన లాగుతారు. బరువు తగిలిన క్షణాన ఆగి, ఒక జానెడు వెనక్కి వదలమని కేకేసి, మళ్లీ లాగుతారు. బలంతో లాగడం నేనొక్కసారి కూడా చూడలేదు. పైపు లోపల ఎక్కడా అతుకుండదు, అతుకులన్నీ బోర్డుల్లోనే. లైట్లకి ఒకటిన్నర, ప్లగ్గులకి రెండున్నర, గీజరుకీ ఏసీకీ నాలుగు చదరపు మిల్లీమీటర్ల వైరు. ఆయన మాత్రం ఇప్పటికీ షాపులో 3/20, 7/20 అని పాత లెక్కల్లోనే అడుగుతారు. ఫేజుకి లైట్లయితే ఎరుపు, ప్లగ్గులైతే పసుపు, పెద్ద సామాన్లయితే నీలం. న్యూట్రల్ ఎక్కడైనా నలుపు, ఎర్తు ఆకుపచ్చ. రేపు బోర్డు విప్పేవాడికి రంగే సమాధానం చెబుతుంది.

పాత వైరు లాగేసే పని తప్ప మిగతాదంతా అయ్యాక గానీ ఒక గదికి కరెంటు తీసే రోజు రాదు. ముందురోజు సాయంత్రమే చెప్పేవారు: "అమ్మా, రేపు వంటింటి వైపు చేస్తామండి. పదింటికల్లా ట్యాంకు నింపేసుకుని, పిండి రుబ్బేసుకోండి." ఫ్రిజ్జుకీ బామ్మగారి ఫ్యానుకీ కొత్త డీబీ నుంచి, సొంత ఎంసీబీతో (ఫ్యూజు బదులు పెట్టే, తనంతట తానే పడిపోయే స్విచ్చు), వేరే తాత్కాలిక లైను. దాన్ని గుమ్మాల మీదుగా ఎత్తున లాగారు, కాళ్లకి అడ్డం పడకుండా. తర్వాత పాత లైను ఫ్యూజులు తీసి జేబులో వేసుకునేవారు. బోర్డు మీద వదిలితే ఎవరో ఒకరు పెట్టేస్తారు.

కరెంటు లేదని తేల్చుకోవడానికి ఆయన మెరిసే టెస్టర్ని నమ్మరు. అది పాడైతే ఫేజు ఉన్నచోట కూడా వెలగదు, పక్క తీగ ప్రభావంతో ఏమీ లేనిచోట మిణుకుమంటుంది. రెండు తీగలున్న టెస్టు బల్బు తీసుకుని ముందు కరెంటున్న చోట వెలిగించి చూసేవారు. తర్వాత పని చేయబోయే చోట పెట్టేవారు, వెలగకూడదు. మళ్లీ కరెంటున్న చోట వెలిగించేవారు. మధ్యలో బల్బే మాడిపోలేదని రుజువు కావాలి కదా. ప్రతి బోర్డు దగ్గరా ఇదే, విసుగు లేకుండా. చూస్తున్న నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇలాంటి చోట్లే.

ఇంట్లో పాత బోర్డూ కొత్త బోర్డూ పక్కపక్కనే బతికున్న రోజుల్లో ఆయన ఒకే నియమం పాటించారు. ఒక గదిలో రెండూ ఉండకూడదు. గది మారితే పూర్తిగా మారాలి, అందులోని పాత వైరు ఆ రోజే బయటికి రావాలి. కొసలకి టేపు చుట్టి వదిలేస్తే ఏనాడో ఒకరు అది పనికొస్తుందనుకుని కరెంటిస్తారు. ఎర్ర గీత గీసిన మండువా లైటుకి మాత్రం వంటింటికన్నా ముందే, కొత్త బోర్డు నుంచే ఫేజూ న్యూట్రలూ రెండూ వేసి పాత బంధం తెంపేశారు.

మీటరుకి సీలుంటుంది, అక్కడ చెయ్యి పెట్టే హక్కు ఇంటివాళ్లకీ ఆయనకీ లేదు. మెయిను మార్చే రోజు లైన్‌మన్ వచ్చి స్తంభం దగ్గర సర్వీసు ఆపాలి. ఇల్లంతా చీకటయ్యే పూట అదొక్కటే. అప్పటికి గదులన్నీ కొత్త డీబీలోకి వచ్చేసి ఉండడంతో మార్చాల్సిన తీగలు చేతి వేళ్లతో లెక్కపెట్టేటన్నే మిగిలాయి. మధ్యాహ్నం భోజనాల వేళకి ఫ్యాన్లు తిరిగాయి.

చివర్లో బల్బులూ సామాన్లూ అన్నీ విప్పించి, స్విచ్చులు వేసి ఉంచి, 500 వోల్టుల మెగ్గరుతో తొడుగుల్ని పరీక్షించారు. తీగకీ ఎర్తుకీ మధ్య కనీసం ఒక మెగోమ్ ఉండాలి. కొత్త వైరు కనక ముల్లు అంతకి ఎంతో పైన నిలబడింది. ప్రతి ప్లగ్గులో ఫేజు కుడివైపే ఉందా, పైన లావు పిన్నుకి ఎర్తు అందిందా చూశారు. ఆ పిన్ను పొడవుగా ఉండడం వల్ల ప్లగ్గు పెట్టేటప్పుడు ఎర్తే ముందు కలుస్తుంది, తీసేటప్పుడు ఎర్తే చివర వదులుతుంది. డీబీ తలుపు లోపల ఏ ఎంసీబీ దేనికో తెలుగులో రాసి అంటించారు. ఆర్‌సీసీబీ మీద బటన్ని నెలకోసారి నొక్కమని కోడలుగారి చేత నొక్కించి చూపించారు.

కొన్నాళ్లకి, ఎండలు ముదిరి ఏసీ రాత్రంతా నడవడం మొదలయ్యాక, ఎవరూ పిలవకుండానే స్క్రూడ్రైవరుతో వచ్చారు. బరువు మోసి వేడెక్కి చల్లారిన రాగి స్క్రూ కింద కాస్త సర్దుకుంటుంది. మెయిను ఆపి, టెస్టు బల్బుతో మూడుసార్లు చూసుకుని, డీబీలో ఒక్కో స్క్రూనీ బిగించుకుంటూ వెళ్లారు. ఏసీదీ గీజరుదీ పావు చుట్టు తిరిగాయి. తక్కినవి కదల్లేదు.