మూడున్నర రూపాయల వడ్డీ

మొత్తం అప్పు ఎంతని అడిగితే మన ఇళ్ళలో చాలామంది నెలకు ఎంత కడుతున్నారో చెబుతారు. కిస్తీ నోటికొస్తుంది, అసలు రాదు. కామర్స్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి మా వీధివాళ్ళు అప్పుడప్పుడూ లెక్కలు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. నేను చేసేది ఒకటే పని. రూళ్ళ నోటుబుక్కు ఒకటి ఇచ్చి, ఎవరికి, ఎంత, ఏ వడ్డీకి, ఏ తారీఖున అని నాలుగు గడులు గీయించి రాయమంటాను. దీనికి మొబైల్ యాప్‌లు ఉన్నాయని తెలుసు. కానీ రికవరీవాళ్ళ ఫోన్లు వచ్చేదీ ఆ మొబైల్‌కే. దాన్ని చూస్తేనే గుండె దడ పుట్టే మనిషిని అందులోనే లెక్క రాసుకోమనడం నాకిష్టం లేదు.

మా సందు చివర టైలరింగ్ షాపు నడుపుకునే దంపతులు ఒక ఆదివారం వచ్చారు. ఆయనకు నిద్ర పట్టడం లేదు. ఆవిడ ఫోను మోగితే ఉలిక్కిపడుతోంది. ఒక్కొక్కటే చెప్పించాను. క్రెడిట్ కార్డు మీద అరవై వేలు. ప్రోనోటు మీద లక్ష, నూటికి రెండు రూపాయల వడ్డీ. డ్వాక్రా లోను. పాడుకున్న చీటీకి ఇంకా కట్టాల్సిన వాయిదాలు. అయిదోది చెప్పేముందు ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. ఆవిడ అక్కగారి భర్త చేబదులుగా ఇచ్చిన ముప్పై వేలు.

"అది రాయకండి మాస్టారూ, వాళ్ళు అడగడం లేదు" అంది ఆవిడ.

అడగకపోవడమే ఆవిడ బాధ. అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌కి కూడా ఏదో వంక చెప్పి వెళ్ళలేదట.

అదీ రాయించాను. తర్వాత వడ్డీలన్నిటినీ ఒకే కొలతలోకి మార్చాం. ఈ పనిలో అసలు కిటుకు ఇదే. బ్యాంకులో ఏడాదికి ఇంత శాతమంటారు. బజారులో నెలకు నూటికిన్ని రూపాయలంటారు. కార్డు స్టేట్‌మెంటులో అది చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉంటుంది. మనవాళ్ళ బుర్రకెక్కేది రూపాయల వడ్డీ. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఆయన కార్డు మీద నెలకు మూడున్నర శాతం, అంటే మూడున్నర రూపాయల వడ్డీ, ఏడాదికి 42. ప్రోనోటు ఆసామి గుమ్మం ముందు బండి ఆపితే వణికే మనిషి, కార్డుకు మాత్రం 'మినిమమ్ డ్యూ' మూడు వేలు కట్టేసి ఈ నెలకు గండం గడిచిందనుకుంటున్నాడు. అరవై వేల మీద నెల వడ్డీ 2,100. ఆ వడ్డీ మీద జీఎస్టీ 18 శాతం చొప్పున 378. కట్టిన మూడు వేలల్లో అసలుకు చేరింది 522 రూపాయలు. నా లెక్క మీద నమ్మకం లేక ఆయన పెన్ను లాక్కుని మళ్ళీ తీసివేత వేసుకున్నాడు. వీధిలో ఎవరైనా మూడున్నర రూపాయలకు అప్పిస్తానంటే ఆయన ఆ గుమ్మం తొక్కడు.

ఈ పుస్తకాలు రాయించగా రాయించగా నాకు తెలిసొచ్చింది, అప్పు భయం వడ్డీని బట్టి ఉండదు, సిగ్గును బట్టి ఉంటుంది. వడ్డీ లేని బావగారి బాకీ అన్నిటికన్నా ఎక్కువ నిద్ర తింటుంది. అందరికన్నా ఎక్కువ గుంజుకుంటున్న కార్డు ఎవరి కంటా పడదు. ఆవిడ బీరువాలో గాజులున్నాయి. బ్యాంకులో పెడితే రూపాయికి అటూ ఇటూగా వడ్డీ పడుతుంది. తాకట్టు పెట్టారని తెలిస్తే పరువు పోతుందని వాటిని కదపకుండా మూడున్నర రూపాయలు కడుతూ వచ్చారు. పరువు కోసం కట్టే వడ్డీని ఏ పద్దు కింద రాయాలో నేను చెప్పిన పాఠాల్లో లేదు. చివరికి గాజులు బ్యాంకుకు వెళ్ళాయి, కార్డు బాకీ తీరింది. నెలకు 2,478 పోయే చోట ఇప్పుడు సుమారు ఆరు వందలు పోతోంది. బావగారికి ఆవిడే ఫోను చేసి, దసరాకు పది వేలు సర్దుతామని చెప్పింది.

లెక్క ఎప్పుడు రాయాలన్నదీ ముఖ్యమే. 2013లో 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. తమిళనాడు చెరకు రైతులకు కోతకు ముందు ఒకసారి, పంట డబ్బు చేతికొచ్చాక మరోసారి బుద్ధి చురుకుదనాన్ని కొలిచే పరీక్షలు పెట్టారు. డబ్బుకు కటకటగా ఉన్నప్పుడు అదే రైతులు వెనకబడ్డారు. అందుకే నేను అర్ధరాత్రి లెక్కలు వేయొద్దంటాను. రాబడి వచ్చిన వారంలో, పొద్దున్నే, టిఫిన్ తిన్నాక, మొగుడూ పెళ్ళాలిద్దరూ కూర్చోవాలి. ఒక్కరే రాస్తే ఏదో ఒకటి దాస్తారు. రాయడం అయ్యాక పుస్తకం మూసేసి మళ్ళీ నెల దాకా తెరవకూడదు.

పుస్తకం రాసినంత మాత్రాన రాబడి పెరగదు. వచ్చేదానికన్నా కట్టాల్సిందే ఎక్కువని కొందరికి మొదటి పేజీలోనే తేలిపోతుంది. వాళ్ళు కిస్తీ తప్పకముందే బ్యాంకుకు వెళ్ళి గడువు పెంచమని అడగాలి. తప్పాక అడిగితే ఒప్పించడం కష్టం. ఒక అప్పు కిస్తీకి ఇంకో యాప్‌లో అప్పు తీసుకోవడం మాత్రం నేను ఒప్పుకోను. పుస్తకం అట్ట లోపల రెండు ముక్కలు రాయిస్తాను. బాకీ వసూలుకు పొద్దున్న 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోను చేయకూడదని, లోన్ యాప్‌లు మన ఫోనులోని కాంటాక్టుల జోలికి రాకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే చెప్పింది. వాటి కింద 14416 అని ఒక నంబరు. అది టెలి మానస్, ప్రభుత్వం నడిపే ఉచిత మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం. ఏ వేళ చేసినా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. అప్పుకు డాక్టరేమిటి మాస్టారూ అని నవ్వినవాళ్ళున్నారు. నిద్ర లేని మనిషి తీసివేత కూడా తప్పు వేస్తాడు, నేను చూశాను.

మీరూ ఒక నోటుబుక్కు కొనండి. మొదటి గడిలో ఎవరి పేరు రాయాలో తోచకపోతే, ఈ మధ్య ఎవరి ఫోను ఎత్తడం మానేశారో ఆ పేరు రాయండి.