పట్టు ఎవరిది, విడుపు ఎవరిది? - గడ్డుకాలంలో అంబేద్కర్ నాయకత్వం

దేశానికి గడ్డుకాలం వచ్చినప్పుడల్లా పాలకుల నోట రెండు మాటలు వినపడతాయి. ఒకటి ఆశ, రెండోది సర్దుబాటు. రేపు బాగుంటుందన్న ఆశను అందరికీ పంచుతారు. ఇవాళ్టికి సర్దుకొమ్మన్న మాట మాత్రం కూలినాలి చేసుకునే వాడలకే చెప్తారు. 1991లో కొత్త ఆర్థిక విధానాలు వచ్చినప్పుడు ఈ రెండు మాటలూ విన్నాం. 2020 లాక్‌డౌన్‌లో పిల్లల్ని చంకనేసుకుని వందల మైళ్ళు నడిచిన వలస కూలీల సాక్షిగా మళ్ళీ విన్నాం. సర్దుకున్నది ఎవరో, బాగుపడింది ఎవరో లెక్క తీసిన వాళ్ళు తక్కువ.

ఇప్పుడు ఈ సర్దుబాటుకు కొత్త సాక్షిని పిలుస్తున్నారు. ఆ సాక్షి డాక్టర్ అంబేద్కర్. ఎన్నికల పొత్తు కుదుర్చుకున్న నాయకుడూ, పదవి కోసం ఉద్యమాన్ని అటకెక్కించిన పెద్దమనిషీ 'అంబేద్కర్ మాత్రం వైస్రాయ్ కౌన్సిల్‌లో చేరలేదా?' అని మనల్నే ఎదురు అడుగుతున్నారు. అడిగేది మనోళ్ళే కాబట్టి జవాబు చెప్పడం మరీ కష్టం. కానీ చెప్పక తప్పదు.

ఈ ప్రశ్నకు ఇప్పటిదాకా రెండు రకాల జవాబులు చలామణిలో ఉన్నాయి. జాతీయవాదులూ, మార్క్సిస్టు మిత్రుల్లో కొందరూ ఆయన్ని రాయితీల నాయకుడన్నారు. సర్కారుతో బేరమాడి నాలుగు సీట్లు, నాలుగు ఉద్యోగాలు తెచ్చుకున్న మనిషిగా కుదించారు. దానికి విరుగుడుగా మన వాళ్ళలో ఒక వరస బయలుదేరింది. బాబాసాహెబ్ వేసిన ప్రతి అడుగూ ఒప్పే, ప్రశ్నిస్తే ద్రోహం అంటుంది. మొదటిది ఆయన్ని తక్కువ చేస్తుంది. రెండోది ఆయన్ని విగ్రహం చేస్తుంది. గడ్డుకాలంలో ఆయన నిజంగా ఏం చేశాడో చదివే ఓపిక రెంటికీ లేదు.

మా వాదన ఇది. పట్టువిడుపులు లేని నాయకత్వం ఎక్కడా ఉండదు. అయితే ప్రతి విడుపులోనూ ఎవరిదో ఒకరి వాటా పోతుంది. ఆ వాటా ఎవరిది, ఆ పోగొట్టుకున్న వాళ్ళకు నోరు విప్పే చోటు ఉందా, పోయింది తిరిగొచ్చే గడువు ఉందా - ఈ మూడూ అడిగితేనే అది ఆచరణ జ్ఞానమా, ఉత్త లౌక్యమా అన్నది తేలుతుంది. ఈ కొలత అంబేద్కర్‌కూ పెట్టాల్సిందే. పెట్టినంత మాత్రాన ఆయన తగ్గడు.

1929లో మొదలైన ఆర్థిక మాంద్యం మన పల్లెల మీద ఎట్లా పడిందో ముందు గుర్తు చేసుకోవాలి. 1928-1934 మధ్య దేశంలో గోధుమ ధర సగానికి పడిపోయింది. ఎగుమతులు, దిగుమతులు దాదాపు సగమయ్యాయి. పంట ధర పడినా శిస్తు తగ్గలేదు, అప్పు తరగలేదు. భూమి ఉన్నవాడు బంగారం అమ్ముకున్నాడు. ఏమీ లేనివాడు ఒళ్ళు అమ్ముకున్నాడు. సరిగ్గా ఈ కాలంలోనే అంటరాని కులాల రాజకీయ హక్కుల చర్చ కూడా నడిచింది. 1932 సెప్టెంబరు 24న పూనా ఒప్పందం మీద అంబేద్కర్ సంతకం పెట్టాడు. రాష్ట్ర శాసనసభల్లో ప్రత్యేక స్థానాలు 71 నుంచి 148కి పెరిగాయి, ప్రత్యేక ఓటు హక్కు పోయింది. నిరాహార దీక్ష ఒకవైపు, దేశమంతటి కోపం మరోవైపు పెట్టి రాయించుకున్న ఆ విడుపును 'రాజీ' అని తేలిగ్గా అనేవాళ్ళు, ఆ రోజు ఊళ్ళల్లో దళితుల మెడ మీద ఏ కత్తి వేలాడుతోందో కూడా చెప్పాలి.

ఆ దెబ్బ తిన్న మనిషి నాలుగేళ్ళకు ఏం చేశాడు? 1936 ఆగస్టులో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టాడు. కుల నిర్మూలన గురించి అంత తీవ్రమైన పుస్తకం అచ్చేసిన ఏడాదే, కులం పేరు లేని పార్టీ పెట్టడం చూసి ఆశ్చర్యపోయే వాళ్ళున్నారు. ఆ పార్టీ ప్రణాళిక చదివితే ఆశ్చర్యం పోతుంది. పాత పరిశ్రమల పునరుద్ధరణ, సాంకేతిక విద్య, అవసరమైన చోట పరిశ్రమల మీద ప్రభుత్వ యాజమాన్యం, భూమి తనఖా బ్యాంకులు, సహకార సంఘాలు - ఇవీ అందులోని మాటలు. స్వర్గం దించుతామని ఎక్కడా లేదు. ఆకలిని పద్దులుగా విడగొట్టి, ఒక్కో పద్దుకు ఒక్కో చట్టం అడిగారు. 1937 ఎన్నికల్లో బొంబాయి రాష్ట్రంలో 17 మందిని నిలబెడితే ఎక్కువమంది గెలిచారు. గెలిచిన వాళ్ళలో రిజర్వుడు కాని స్థానాల వాళ్ళూ ఉన్నారు.

ఆ ఏడాది సెప్టెంబరు 17న ఆయన శాసనసభలో పెట్టిన ఖోతీ రద్దు బిల్లును చూడండి. కొంకణ్ ప్రాంతంలో ఖోతులంటే సర్కారుకీ రైతుకీ మధ్యన కూర్చుని శిస్తు వసూలు చేసే దళారీలు. అడిగినంత ధాన్యం, అడిగినప్పుడల్లా వెట్టి. కొలాబా జిల్లా చరీలో 1933లో మొదలైన రైతుల సమ్మె దాదాపు ఆరేళ్ళు నడిచింది. నారాయణ్ నాగు పాటిల్ నాయకత్వంలో రైతులు పొలాలు బీడు పెట్టి, పస్తులుండి కొట్లాడారు. ఆ రైతుల్లో దళితుల కంటే ఆగ్రీ, కుణబీ లాంటి శూద్ర కులాల వాళ్ళే ఎక్కువ. అంబేద్కర్ బిల్లు అందరి తరఫునా వచ్చింది. 1938 జనవరిలో వేలమంది రైతులు బొంబాయి శాసనసభకు ఊరేగింపుగా కదిలారు.

ఈ బిల్లులో ఒక విడుపు ఉంది. ఖోతులకు తగిన నష్టపరిహారం ఇవ్వాలని అందులోనే రాశాడు. తరతరాలు దోచుకున్న వాడికి పరిహారమేంటని మాకూ మండుతుంది. కానీ విడిచింది ఏమిటో చూడాలి. విడిచింది ఖజానా డబ్బు. పట్టింది దున్నేవాడి చేతిలో భూమి హక్కు. అప్పటి కాంగ్రెసు ప్రభుత్వం ఆ మాత్రం బిల్లును కూడా చట్టం కానివ్వలేదు. ఖోతీ రద్దు చట్టం బొంబాయిలో 1949లో గానీ రాలేదు. ఆ పన్నెండేళ్ళలో రైతు ఖోతుకు కొలిచిన ధాన్యం లెక్క ఏ 'వాస్తవిక' నాయకుడి ఖాతాలో రాయాలి?

మిల్లు సమ్మెల విషయంలోనూ ఇట్లాగే చూడాలి. 1929 బొంబాయి బట్టల మిల్లు సమ్మెను అంబేద్కర్ వ్యతిరేకించాడు. 1938 నవంబరు 7 సమ్మెను కమ్యూనిస్టులతో కలిసి నడిపించాడు. నిలకడ లేదన్నారు కొందరు. అసలు సంగతి నేత ఖాతాలో ఉంది. మిల్లులో ఎక్కువ కూలి వచ్చేది అక్కడే. దళితుడికి ఆ ఖాతాలో చోటు లేదు. మగ్గం దగ్గర దారాన్ని నోటితో అందుకోవాలి, అంటరానివాడి ఎంగిలి తగులుతుందని తోటి కార్మికులే రానివ్వలేదు. తక్కువ కూలి ఖాతాల్లో మగ్గి, సమ్మె వస్తే అందరికంటే ముందు అప్పులపాలయ్యేది అతనే. ఎర్రజెండా కింద కూడా ఎంగిలి పోలేదంటే ఆ సమ్మెలో విడుపంతా దళితుడిదే, పట్టు మాత్రం వేరేవాడిది. 1938లో అట్లా కాదు. కార్మిక వివాదాల బిల్లు సమ్మె హక్కునే కట్టిపడేసి, సమ్మె చేసినందుకు జైలు చూపించింది. ఆ దెబ్బ మిల్లులో ప్రతి ఖాతా మీదా పడేది. అదే ఏడాది ఫిబ్రవరిలో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సభలో ఆయన బ్రాహ్మణీయం, పెట్టుబడిదారీ విధానం రెండూ మన శత్రువులని చెప్పాడు. రెండు శత్రువులున్న వాడికి ఒక్కో రోజు ఒక్కో శత్రువు ముందు కనపడుతుంది. అది నిలకడ లేకపోవడం ఎట్లా అవుతుంది?

ఇక వైస్రాయ్ కౌన్సిల్. 1942 జులై నుంచి 1946 దాకా ఆయన కార్మిక సభ్యుడు. ప్రభుత్వం, యజమానులు, కార్మికులు ఒక బల్ల చుట్టూ కూర్చునే త్రైపాక్షిక సమావేశాలు, 1944లో బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి, కేంద్ర ఉద్యోగాల్లో షెడ్యూల్డు కులాలకు 1943లో 8.33 శాతం రిజర్వేషను - ఇవన్నీ ఆ కాలానివే. ఎనిమిది గంటల పనిదినం ఆయనే తెచ్చాడని మన సభల్లో చెప్పుకుంటాం. చెప్పుకునేటప్పుడు కచ్చితంగా చెప్పుకోవాలి. 1946 ఫ్యాక్టరీల సవరణ చట్టం వారానికి 54 గంటలున్న పనిని 48కి దించింది. రోజుకు పరిమితి తొమ్మిది గంటలు. ఆరు రోజుల వారానికి సగటు ఎనిమిది. ఇది చిన్న తేడా అనుకోవద్దు. నినాదంగా మోసే వాళ్ళకు చట్టంలోని కంత ఎక్కడుందో తెలియదు. ఆ కంతలోంచే ఇవాళ దొరలు దూరుతున్నారు.

అదే కుర్చీలో కూర్చుని ఆయన చేసిన మరో పని గురించి మన సభల్లో ఎవరూ మాట్లాడరు. గనుల్లో భూమి అడుగున స్త్రీలు పనిచేయరాదన్న నిషేధం 1930లలో అమలైంది. యుద్ధంలో బొగ్గు చాలక 1943లో ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. 1944 ఫిబ్రవరిలో కేంద్ర శాసనసభలో దీని మీద నిలదీస్తే, ఇది యుద్ధకాలపు తాత్కాలిక ఏర్పాటనీ, స్త్రీలకు మగవాళ్ళతో సమానంగా కూలి ఇస్తున్నామనీ అంబేద్కర్ సమర్థించాడు. ఝరియా, రాణీగంజ్ గనుల్లోకి దిగిన స్త్రీలలో ఎక్కువమంది ఆదివాసీ, దళిత స్త్రీలే. బెంగాల్ కరువు లక్షల మందిని మింగుతున్న కాలం అది. గనిలోకి దిగకపోతే ఇంట్లో పస్తు, దిగితే నెత్తిన బండ.

మా మూడు ప్రశ్నలూ ఇక్కడ పెడదాం. వాటా ఎవరిది? అందరికంటే కింద ఉన్న స్త్రీలది. నోరు విప్పే చోటుందా? ఆ శాసనసభలో బొగ్గు మోసిన ఆడమనిషి ఒక్కతీ లేదు. నిషేధం పెట్టినప్పుడూ, ఎత్తేసినప్పుడూ మాట్లాడింది వేరేవాళ్ళే. గడువు ఉందా? ఉంది. 1946 ఫిబ్రవరిలో నిషేధం తిరిగొచ్చింది. సమాన కూలి వాదన తీసిపారేసేది కాదు. అయినా మూడింట రెండు ప్రశ్నలకు ఈ నిర్ణయం నిలవదు. ఈ మాట అంటే బాబాసాహెబ్‌కు మచ్చ అని నొచ్చుకునే వాళ్ళకు ఒకటే చెప్తాం. దళిత స్త్రీ బరువును లెక్కలో కలపని అంబేద్కరిజం ఎవరికి పనికొస్తుంది?

ఇంకో వెలితి కూడా ఉంది. ఫ్యాక్టరీ చట్టం ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోతుంది. దళితుల్లో అత్యధికులు పొలాల్లో ఉన్నారు. పొద్దు పొడవకముందే పోయి, చీకటి పడ్డాక వచ్చే పాలేరుకు 48 గంటలెక్కడివి? ఈ వెలితి అంబేద్కర్‌కు తెలుసు. మార్చి 1947లో రాజ్యాంగ సభకు ఇచ్చిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్' పత్రంలో వ్యవసాయాన్ని ప్రభుత్వ పరిశ్రమ చేసి, భూమిని కులం, మతం చూడకుండా సామూహిక సేద్యానికివ్వాలన్నాడు. అదీ రాజ్యాంగంలోనే రాయాలన్నాడు, మెజారిటీ మారినప్పుడల్లా మారకుండా. అప్పటికి ఆయన పార్టీ బలమెంత? 1946 ఎన్నికల్లో షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. చేతిలో బలం అడుగంటిన రోజున అడగాల్సింది పూర్తిగా అడిగాడు. దొరికే అవకాశం ఉందా అని చూసుకుని డిమాండు తగ్గించలేదు. సంతకం పెట్టేటప్పుడు విడుపు ఉండొచ్చు, అడిగేటప్పుడు ఉండకూడదు - ఆయన ఆచరణలో మాకు కనపడ్డ సూత్రం ఇది. ఆశ అనేది ఆయన దగ్గర ఉపన్యాసంలో కాదు, ఈ అడగడంలో ఉంది.

ఇవాళ్టి మన నాయకత్వం దీన్ని తిరగేసి పట్టుకుంది. అడిగేటప్పుడే సగం విడిచేస్తోంది. 2020లో కరోనా పేరు చెప్పి అనేక రాష్ట్రాలు పనిదినాన్ని పన్నెండు గంటలు చేశాయి. గుజరాత్ ఉత్తర్వును ఆ ఏడాది అక్టోబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. కేసు వేసింది కార్మిక సంఘం. అంబేద్కర్ పేరు పెట్టుకున్న పార్టీల్లో ఎన్ని ఆ రోజు గేట్ల దగ్గరికి పోయాయి? 2025లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రెండూ రోజు పని పరిమితిని పది గంటల దాకా పెంచే దారి పట్టాయి. వారానికి 48 గంటలన్న లెక్క కాగితం మీద అట్లాగే ఉంది. పెట్టుబడులు రావాలంటే తప్పదంటున్నారు. పెట్టుబడి వస్తుందన్న ఆశ ఒకరిది, పదో గంట పని మరొకరిది. ఊళ్ళో ట్యాంక్‌బండ్ పక్కన 125 అడుగుల విగ్రహం, బెజవాడ నడిబొడ్డున మరో 125 అడుగుల విగ్రహం నిలబెట్టుకున్న రాష్ట్రాలివి. ఆ విగ్రహాల నీడలో పనిగంటలు పెరుగుతుంటే మన సంఘాలు జయంతి కమిటీల్లో కుర్చీల కోసం కొట్లాడుకుంటున్నాయి.

అందుకే పొత్తు అనగానే ఛీకొట్టాలని మేం అనడం లేదు. ఓట్లు తక్కువ, భూమి లేదు, నౌకరీ కాంట్రాక్టుది అయిన వాళ్ళకు పొత్తుల్లేని రాజకీయం ఖరీదైన సరదా. కానీ పొత్తు పెట్టుకునే ప్రతి నాయకుడూ వాడలో కూర్చుని మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పాలి. ఏం విడిచావు, అది ఎవరిది, ఎప్పటికి తిరిగి తెస్తావు? చెప్పలేకపోతే అంబేద్కర్‌ను సాక్ష్యానికి పిలిచే హక్కు అతనికి లేదు. విద్యార్థి సంఘాలూ, కూలి సంఘాలూ, ముఖ్యంగా దళిత స్త్రీల సంఘాలూ ఈ ప్రశ్నలకు తమ అనుభవంలోంచి ఇంకో నాలుగు కలపాలి. మా ప్రశ్నలు కూడా చదువుకున్న మగవాళ్ళ ప్రశ్నల్లాగే ఉన్నాయంటే, అదీ రాసి పంపండి. చర్చ అక్కణ్ణించి మొదలు కావాలి.