అడుగు మీది మంచు

మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిదికి గేటు పడుతుంది. మళ్లీ లేచేది పొద్దున ఆరుకే. కార్తీకంలో శ్రీశైలం పోదామని బయల్దేరి, హాజీపూర్ చౌరస్తాలో చాయ్ తాగుతూ కబుర్లలో పడి, పది నిమిషాల తేడాతో గేటు ఇవతలే ఉండిపోయాను. సంచిలో కాగితాల కట్ట ఒకటి ఉంది. మూడేళ్లుగా రాస్తున్న డిటెక్టివ్ నవల. ఫారో అంతఃపురంలో హత్య, గుట్టు విప్పేవాడు కొలువులో ఒక రాయసగాడు.

ఈజిప్టు ఎందుకంటే, నిజం ఒప్పుకోవాలి, సులువని. సరుకంతా అక్కడ సిద్ధంగా ఉంటుంది. సుమారు క్రీ.పూ. 1155లో మూడో రామెసెస్ మీద అంతఃపురంలోనే కుట్ర జరిగింది. తియె అనే రాణి తన కొడుకు పెంటవేరెను గద్దెనెక్కించాలనుకుంది. విచారణ కాగితం, అంటే పపైరస్, ఇప్పటికీ ఇటలీలోని ట్యూరిన్‌లో ఉంది. తీర్పు చెప్పాల్సినవాళ్లలో కొందరు ముద్దాయిలైన ఆడవాళ్లతో కలిసి తాగి తందనాలాడి దొరికిపోతే, వాళ్ల ముక్కులూ చెవులూ కోశారని అందులో రాసి ఉంది. ఏ నవలాకారుడికి తడుతుంది ఇలాంటిది! అన్నీ చెప్పిన ఆ కాగితం రాజు ఆ కుట్రలోనే చనిపోయాడా లేదా అన్నది మాత్రం తేల్చదు. 2012లో మమ్మీకి తీసిన స్కాన్ ఫలితాలు బయటికొచ్చాక తేలింది, గొంతు ఎముకదాకా తెగి ఉందని. శవాన్ని భద్రపరిచినవాళ్లు ఆ గాయంలో హోరస్ కన్ను తాయెత్తు పెట్టి గుడ్డ చుట్టారు. చచ్చాక మానుతుందని కాబోలు.

అగాథా క్రిస్టీ అంతటావిడ కూడా 1944లో పాత ఈజిప్టు మీద నవల రాసినప్పుడు, సమాధి తవ్వకాల్లో దొరికిన ఒక పూజారి ఇంటి ఉత్తరాలు ముందు పెట్టుకునే రాసింది. ఆవిడకు కుదిరింది. నా రాయసగాడు మాత్రం నోరు తెరిస్తే కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌లాగే మాట్లాడతాడు. నైలు ఒడ్డున నిలబడి సిగరెట్ ముట్టించడం ఒక్కటే తక్కువ.

తెల్లవారుజామున కారులో నడుము పట్టేసి బయటికొస్తే, రోడ్డు పక్క మట్టిలోకి వంగి చూస్తున్నాడు ఒక పెద్దాయన. చెంచు, ఫారెస్టు వాచరు.

"గుడ్డెలుగు సారూ. రాత్రి మంచు పడకముందే వోయింది."

"ఎట్ల చెప్తున్నవ్ తాతా?"

"మంచు మీద కాలు వెడితే మంచు శెదురుతది. గీడ శెదర్లే. అడుగు మీదనే గూసున్నది, సూడు."

చూశాను. అరచేయంత గుంట, ముందు గోళ్ల గాట్లు, వాటి మీద సన్నగా తెల్లటి పొర. ఎక్కడా చెదరలేదు. మూడేళ్లలో నా రాయసగాడు ఇంత తెలివైన మాట ఒక్కటీ మాట్లాడలేదు.

గేటు లేచింది. మన్ననూరు దాటాక ఈ అడవి గుట్టల మీదే ఉంది ప్రతాపరుద్రుడి కోట. ఆ పేరు వినగానే నాకు ఆయన కంటే ఆయన అమ్మమ్మ గుర్తుకొచ్చింది. రుద్రమదేవి ఎట్లా పోయింది? ఆమెకు మమ్మీ లేదు, స్కాన్ లేదు. మనం దహనం చేస్తాం, సాక్ష్యం బూడిదలో కలిసిపోతుంది. రాజు గొంతు తెగిందో లేదో చూడటానికి మనకు గొంతే మిగలదు. మిగిలేవి దానశాసనాలు. అవి హత్యల గురించి రాయరు. ఎవరి పుణ్యం కోసం ఎవరు ఎంత భూమి ఇచ్చారో రాస్తాయి.

నకిరేకల్ దగ్గరి చందుపట్ల శాసనం అలాంటిదే. 1289 నవంబరు నాటిది. పువ్వుల ముమ్మడి అనే ఒక భటుడు, చనిపోయిన రుద్రమదేవికీ సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని దేవుడికి భూమి ఇచ్చాడు. రాణికీ సేనానికీ ఒక్కసారే పుణ్యం ఎందుకు? శాసనం చెప్పదు. మరుసటి ఏడు, 1290లో, రుద్రమ మీద తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడు త్రిపురాంతకంలో వేయించిన శాసనం ఉంది. మల్లికార్జునుణ్ణి సప్తాంగాలూ లేకుండా చేశానని అందులో గొప్ప చెప్పుకున్నాడు. రాజ్యానికి ఏడంగాలు: స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, సైన్యం, మిత్రుడు. మొదటిది స్వామి. సేనానికి స్వామి ఎవరు? రుద్రమే. ఆ ఒక్క మాట పట్టుకునే చరిత్రకారులు ఆమె అంబదేవుడితో యుద్ధంలో పోయిందని ఊహించారు. చంపినవాడు రాణి పేరెత్తకుండా నేరం ఒప్పుకున్నట్టుంది ఆ వాక్యం. అప్పటికి ఆమె ముసలిది. ముసలి ఆడమనిషిని చంపానని రాయి మీద చెక్కించుకోవడానికి సిగ్గుపడ్డాడేమో. ఇది చరిత్ర కాదు, నా అనుమానం. నవలకు అనుమానం చాలు.

త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పు ద్వారం. మన్ననూరుకు దగ్గర్లోని ఉమామహేశ్వరం ఉత్తర ద్వారం. నల్లమలకు ఈ కొసనా ఆ కొసనా రెండు వాకిళ్లు. ఫారోల వెంట తిరిగిన మూడేళ్లూ నేను ఈ వాకిట్లోనుంచే పోతూ వస్తూ ఉన్నాను.

చందుపట్ల రాయి తాత చూపించిన మంచు లాంటిది. అడుగు ఎవరిదో అది చెప్పదు. అడుగు ముందు పడిందనీ, తాను ఆ తర్వాత పడ్డాననీ మాత్రం చెబుతుంది. ముమ్మడి దానం ఇచ్చేనాటికే రాణి లేదు.

ఈజిప్టు కట్ట అటక మీదికి పోయింది. కొత్త నవల ఇంకా ఆరు పేజీలే. విజయవాడ రోడ్డున పోయేవాళ్లు నకిరేకల్‌లో ఒక గంట ఆగి చందుపట్లకు వెళ్లి రండి. రాయి మీద అంబదేవుడి పేరు కోసం మాత్రం వెతక్కండి, ఉండదు.