ఒక నేరం, ఒకే విచారణ: 337వ సెక్షన్ పనితనం

యజమాని సొత్తు దొంగిలించాడన్న కేసులో పనివాడు నిర్దోషిగా బయటపడ్డాడు. అదే సంఘటనకు నమ్మకద్రోహం అని పేరు మార్చి మళ్లీ కేసు పెట్టవచ్చా? కుదరదంటుంది చట్టం. ఈ ఉదాహరణ చట్టంలోనే ఉంది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 300వ సెక్షన్‌గా ఉండి, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 337వ సెక్షన్ అయిన నిబంధన అది. దాని కూర్పు మెచ్చదగ్గది.

రాజ్యాంగం 20(2) అధికరణలో ఒక్క వాక్యమే ఉంది. ఒకే నేరానికి ఎవరినీ ఒకసారికి మించి ప్రాసిక్యూట్ చేసి శిక్షించరాదు. ముసాయిదాలో ‘శిక్షించరాదు’ అని మాత్రమే ఉండేది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో టి.టి. కృష్ణమాచారి సవరణతో ‘ప్రాసిక్యూట్ చేసి’ చేరింది. శాఖాపరమైన శిక్ష పడిన ఉద్యోగి దాన్ని అడ్డుపెట్టుకొని కోర్టును తప్పించుకోకూడదన్నది ఆలోచన. ఆ మాట విలువ 1953లో తెలిసింది. జెడ్డా నుంచి వచ్చిన ప్రయాణికుడి దగ్గర 107.2 తులాల బంగారాన్ని బొంబాయిలో కస్టమ్స్ వారు జప్తు చేశారు. ఆ తర్వాత అతని మీద విదేశీ మారక చట్టం కింద కేసు నడిచింది. కస్టమ్స్ అధికారులు కోర్టు కారు కనుక ఆ కేసుకు అడ్డు లేదని సుప్రీంకోర్టు తేల్చింది.

అయితే శిక్షే పడని నిర్దోషికి ఆ అధికరణ అక్కరకు రాదు. అతన్ని కాచేది ఈ సెక్షనే. తీర్పు శిక్ష అయినా, విడుదల అయినా, అది అమల్లో ఉన్నంతకాలం అదే నేరానికి గానీ, అవే వాస్తవాలకు మరో నేరం పేరు పెట్టి గానీ మళ్లీ విచారణ లేదు. ‘అమల్లో ఉన్నంతకాలం’ అన్న మాటతో అప్పీలు దారి మూసుకుపోలేదు.

మినహాయింపుల్లో ఇంకా నేర్పు ఉంది. తీవ్రంగా గాయపరిచినందుకు శిక్ష పడ్డాక బాధితుడు చనిపోతే, ప్రాణం తీసిన నేరానికి మళ్లీ విచారించవచ్చు. మొదటి కోర్టు ముందు ఆ మరణం లేదు కదా! దొంగతనానికి శిక్ష వేసిన మేజిస్ట్రేటుకు దోపిడీ కేసు విచారించే అధికారం లేకపోతే, ఆ ఆరోపణ అధికారమున్న కోర్టుకు వెళ్తుంది. మొదటిసారే కలిపి విచారించగలిగిన మరో నేరాన్ని విడిగా ఎత్తుకోవాలంటే మాత్రం రాష్ట్ర ప్రభుత్వ అనుమతి కావాలి.

‘అవే వాస్తవాలు’ అన్న మాట దగ్గర న్యాయమూర్తులకే పరీక్ష ఎదురైంది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన చెక్కు కేసులో, చెక్కు చెల్లనందుకు శిక్ష పడ్డ వ్యక్తిపై అవే వాస్తవాలతో మోసం కేసు నడపరాదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. మరుసటి ఏడాది మరో కేసులో ఆ రెండు నేరాల అంశాలు వేరన్నది.

మొదటి కోర్టు తేల్చగలిగిన దాన్ని ఈ సెక్షన్ గట్టిగా మూసివేస్తుంది, తేల్చలేని దానికే తలుపు తెరుస్తుంది. ప్రభుత్వం చేతిలో పోలీసులూ, డబ్బూ, కాలమూ ఉన్నాయి. నిర్దోషి అనిపించుకున్నవాడి చేతిలో ఆ తీర్పొక్కటే ఉంది. దానికి విలువ కట్టి, బాధితుడి హక్కునూ పోనివ్వకుండా రాసినవారికి మనం ఋణపడి ఉన్నాం.